ఒక్క ఫొటో కోసం ఒక కొండ

నేను పొద్దన్నే షట్టరెత్తేదానికి పొయ్యేసరికే కోర్టు స్టెనో అక్క తమ్ముడు స్టూడియో మెట్ల మింద కూర్చోనుండినాడు. నన్ను చూసి లేసి, "అక్క పోయిందప్పా, మొన్న తిరపతి ఆస్పత్రిలో. కర్మకు ఫొటో పెద్దది చెయ్యాల. నీ తావ ఉంటాదని వచ్చినా" అన్నాడు.

ఉంటాదనే నేనూ అనుకున్నాను. కంప్యూటరు పెట్టి ఆయమ్మవి ఉండే ఫోల్డర్లన్నీ తీసినాను. ఏడాదికొకటి. రాళ్ళు, పచ్చిక, వేర్లు, నీళ్ళు. ఎంత ఎతికినా మనిషి లేదు. అన్నేండ్లు కెమెరా ఎత్తుకోని ఆ ఇంటికి పొయ్యి, పక్కనే నిలబడుకోనుండే మనిషిని ఒక్కసారి గూడా తియ్యలే. తీస్తానంటే "నన్నెందుకప్పా, దాన్ని తియ్యి" అనేది. ఆఖరికి ఆఫీసు గుర్తింపు కార్డులో ఉండే ఫొటోనే పెద్దది చేసిచ్చినాను. తమ్ముడు దాన్ని ఎలుతురులోకి పట్టుకోని చూసి, "ఎవరో ఆఫీసరమ్మ మాదిరుండాది" అన్నాడు. పేపర్లో చుట్టించుకోని పోయినాడు.

ఆ పొద్దంతా గిరాకీలొస్తానే ఉండినారు. గడ్డం ఎత్తండి, కళ్ళు మూయొద్దండి అని చెప్తానే ఉండినాను గానీ నా మనసు నా తావ లేదు.

నా స్టూడియో చిత్తూరు కోర్టు వీధిలో. ఆయమ్మ కోర్టులో స్టెనో. బోనెక్కినోళ్ళు చెప్పేది చెప్పినట్టు టైపు కొట్టడం ఆయమ్మ పని. పెండ్లి చేసుకోలే. ఎందుకు చేసుకోలేదని ఆ వీధిలో ఎవురూ అడిగినట్టు లేదు, అడిగించుకునే మొగం గాదు ఆయమ్మది. తమ్ముడి ఇంటి మిద్దె మింద ఒక పెద్ద గది, ఒక వంటగది, అంతే సంసారం.

మొట్టమొదట నా స్టూడియోకి వచ్చినప్పుడు గోడ మిందుండే పెండ్లికొడుకులు, పెండ్లికూతుర్ల ఫొటోలన్నీ ఒకటొకటే చూసుకుంటా పోయింది. మొగాలు చూడలే. మొగాల ఎనకాల ఏముండాదో అది చూసింది. ఎడమకన్ను మూసి, బొటనవేలూ చూపుడువేలూ చట్రం మాదిరి పట్టుకోని చూసింది. అన్నీ చూసినాక, ఆమైన నన్నడిగింది.

"గాజు ఎనకాల ఉండేదాన్ని, గాజు అగపడకుండా తీస్తావాప్పా?"

"దేవుడి పటాలు తీసింటానక్కా. లైటు పక్కనుంచి పెడితే అగపడదు" అన్నాను.

"అయితే ఆదివారం ఇంటికి రా" అనింది.

పోయినాను. గది మధ్యలో, మంచమంత పొడుగుండే గాజుతొట్టి. నేను చూసిన వెంటనే "చేపల తొట్టి శానా బాగుండాదక్కా" అన్నాను. ఆయమ్మ మొగం ముడుచుకుపోయింది.

"చేపల తొట్టి గాదప్పా. తోట. నీళ్ళల్లో పెంచిండే తోట. చేపలు ఆడ పక్షుల మాదిరి. పక్షుల్ని చూసి అడివి బాగుండాదంటావా?"

అప్పుడు సరిగ్గా చూసినాను. ముందరపక్క గరిక కంటే పొట్టి పచ్చిక, దుప్పటి పరిచినట్టు. దాని మధ్యలో తెల్ల ఇసక దోవ, పోతా పోతా సన్నమై రాళ్ళ సందులో మాయమైపోతా ఉండాది. ఎనకాల గుండ్రాళ్ళు ఒకదాని మింద ఒకటి పేర్చిన కొండ, మన చిత్తూరు చుట్టుపక్కలుండే కొండల మాదిరే. రాళ్ళ సందుల్లో నాచు, పొదల మాదిరి. చూస్తా ఉంటే తొట్టి ఎంత పొడుగుండాదో మరిచిపోయినాను. ఏదో ఊరికి పొయ్యే బస్సు కిటికీలోనుంచి చూస్తా ఉండినట్టు అనిపించింది. ఆ కొండమింద చీపురుపుల్ల ముక్కంత చేపలు, ఎర్ర గీత ఉండేటివి, గుంపుగా తిరగతా ఉండినాయి.

దానికి బయటి దేశాల్లో పోటీ ఉండాదని ఆ పొద్దే నాకు తెలిసింది. ప్రపంచంలో యాడాడోళ్ళో ఇట్లాంటి తోటలు పెంచి, ఏడాదికొకసారి మే నెలాఖరు లోపల ఫొటో పంపిస్తారంట. జడ్జీలు తొట్టి తావకు వచ్చేది లేదు. ఆరేడు నెల్లు పెంచిన తోటకు ఒక్క ఫొటోనే సాక్ష్యం. ఫొటో పొయ్యినాక తోట పీకేసేది, మళ్ళీ కొత్తది మొదలుపెట్టేది.

"ఇంత చేసి పీకేస్తారా?" అని నోరు తెరిచినాను.

"నువ్వు పెండ్లి ఫొటో తీసినాక పందిరి అట్లే ఉంచుతారా?" అనింది.

అట్లా ప్రతి ఏడూ మే నెల్లో నాకు పిలుపొచ్చేది. అప్పుడు పెండ్లిండ్లకు ఎంత డిమాండున్నా ఒక ఆదివారం ఆయమ్మకని వదిలిపెట్టుకునేవాణ్ణి. కిటికీలకు దుప్పట్లు కట్టేవాళ్ళం. గాజుకు ఎదురుగా ఉండేవాటి నీడ పడకూడదని ఇద్దరం నల్లచొక్కా, నల్లచీర. చిత్తూరు ఎండకు ఆ గదిలో లైట్లు పెడితే ఉడికిపొయ్యేవాళ్ళం. ఆయమ్మ కొంగు దోపుకోని, పీట మింద నిలబడి, మోచెయ్యి దాకా నీళ్ళల్లో పెట్టి, పటకారు మాదిరుండే పొడుగాటి శ్రావణంతో ఒక ఆకు తీసేది, ఇంకో ఆకు తీసేది. కుడిచేతి వేళ్ళు ఎప్పుడు చూసినా నానిపోయి ముడతలు పడిండేవి. ఆ వేళ్ళతోనే సోమవారం పొయ్యి టైపు కొడతాదని నాకు తలుచుకుంటే విచిత్రంగా ఉండేది.

బాగుండాది అనే మాట ఆయమ్మ నోట వినలే. "నిలబడిందా?" అని అడిగేది. నేను ఏం చెప్పినా నమ్మేది గాదు. రాళ్ళను గూడా కోర్టు మాటల్తోనే తిట్టేది. "ఈ రాయి సూడు, అబద్ధం చెప్తా ఉండాది. కొండలో పుట్టినట్టు లేదు, నేను తెచ్చి పెట్టినట్టే ఉండాది" అని ఊడబెరికేది. తలకాయంత రాయి తీస్తే నెలంతా పెంచిన పచ్చిక లేసొచ్చేది. లెక్కపెట్టేది గాదు.

రాళ్ళు యాడ్నుంచి తెస్తావక్కా అంటే ఒకసారి చెప్పింది. తిరపతి నుంచి బస్సులో వస్తా ఉంటే, పాకాల పక్క రోడ్డు కోసం కొండను కోసిండేచోట ఒక రాయి అగపడిందంట. బస్సు ఆపించి దిగేసి, రాయి ఏరుకోని, తుండుగుడ్డలో చుట్టి, ఇంకో బస్సెక్కి ఒళ్ళో పెట్టుకోని కూర్చుందంట. పక్కనుండే ముసలామె ఆ మూట చూసి "బిడ్డకు ఎన్నో నెలమ్మా?" అని అడిగిందంట.

"ఏం చెప్పినావక్కా?"

"వయసు శానా అయ్యిందిలేమ్మా, అగపడడు గానీ అని చెప్పినా" అని పడీపడీ నవ్వింది. ఆయమ్మ గట్టిగా నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

ఇంకోసారి, లైట్లు సల్లారేదానికి వసారాలో కూర్చోనుండినప్పుడు, నేను అడక్కుండానే అనింది. "ఇన్నేండ్లుగా ఒకరు చెప్పింది టైపు కొడతా ఉండానప్పా. కత్తితో పొడిచినాను అంటే పొడిచినాను అని కొట్టినా. నేనేం చూడలేదు అంటే చూడలేదు అని కొట్టినా. అన్ని కాయితాల్లో నాది ఒక్క మాట గూడా లేదు. ఆ తొట్టిలో ఉండేదొకటే నేను చెప్పింది."

ఆ చెప్పింది ఎవురూ వినలేదని ఆయమ్మకు ఉండింది. ప్రతి ఏడూ ఫలితాలొస్తాయి. పేర్ల వరస కంప్యూటర్లో కిందికి జరుపుకుంటా, జరుపుకుంటా పోతే యాడో అడుగున ఆయమ్మ పేరుండేది. "ఉండాదిలే" అని మూసేసేది. ఆ సాయంత్రమే కొత్త తోటకు ఇసక కడగడం మొదలుపెట్టేది.

ఆ ఏడు, అంటే ఆయమ్మకు పేరొచ్చిన ఏడు, తోట చూసిన వెంటనే నాకు తెలిసిపోయింది ఇది వేరే అని. కొండంతా కుడిపక్కకు తోసేసింది. ఎడమపక్క పైన ఏం పెట్టలే. ఉత్త నీళ్ళు. లైటు పెడితే ఆ జాగా తెల్లారుజాము ఆకాశం మాదిరి అయ్యింది.

"ఈడ ఎగరాలప్పా చేపలు. కొండమింద నుంచి లేసి, గుంపుగా, ఈ మూలకు. అప్పుడే ఇది నిలబడేది" అనింది.

చేపలు రాలే. నా లైట్లకు బెదిరి రాళ్ళ సందుల్లో దూరుకున్నాయి. పొద్దన్నుంచి కాచుకోనుండినాము. మేత చల్లింది, వచ్చి నోట కరుచుకోని మళ్ళీ దూరినాయి. గాజు మింద వేలితో టకటకా కొట్టింది, ఇంకా లోపలికి పోయినాయి. పైటేళ దాటింది. పంపాల్సిన గడువు దగ్గిరపడతా ఉండాది. వచ్చే ఆదివారానికి పచ్చిక పెరిగిపోయి దోవ మూసేస్తాది. ఆయమ్మ పీట దిగి తొట్టి కిందుండే గ్యాసు బండ తావకు పొయ్యింది.

సోడాలో పట్టే గ్యాసే అది. సన్న గొట్టంలో నీళ్ళల్లోకి వదుల్తారు. నీళ్ళల్లో ఉండే మొక్కలకు అది తిండి. రవంత వదిల్తే ఆకుల కొసల మింద ముత్యాల మాదిరి బుడగలు నిలబడతాయి. ఎక్కువైతే చేపలకు ఊపిరాడదు. ఇది ఆయమ్మే నాకు ఎన్నోసార్లు చెప్పింది.

మర తిప్పింది. నీళ్ళు తిప్పే మోటరు గూడా ఆపేసింది. నీళ్ళు అద్దం మాదిరి నిలబడిపోయినాయి.

"ఇప్పుడు పైకొస్తాయి. వచ్చినప్పుడు తియ్యి" అనింది.

వచ్చినాయి. మొదట ఒకటి, ఆ ఎనకాల నాలుగు, ఆ ఎనకాల అన్నీ. రాళ్ళ సందుల్లోనుంచి లేసి, మూతులన్నీ పైకి పెట్టి, ఆ తెల్లటి మూలకు గుంపుగా ఎక్కినాయి. అట్లాంటిది నేను మళ్ళీ చూడలే. ఎండాకాలం తెల్లారగట్ట కొండమింద నుంచి పిట్టలు ఒక్కసారిగా లేస్తాయే, అట్లా. నేను తీసినాను. "ఇంకొకటి" అనింది. తీసినాను. "ఇంకొకటి." కెమెరాలోనుంచి చూస్తా ఉండినాను గాబట్టి నాకు ఫొటోనే అగపడతా ఉండింది. ఒక చేప పక్కకు ఒరిగి, తెల్లటి కడుపు చూపిస్తా కిందికి జారినప్పుడు తల ఎత్తినాను.

అప్పుడు ఆయమ్మ పరిగెత్తి మోటరేసింది, మర కట్టేసింది, బకెట్లతో కొత్తనీళ్ళు పోసింది. పొద్దుపోయేసరికి శానామటుకు చచ్చిపోయినాయి. ఒక్కొక్కదాన్ని జాలీతో తీసి న్యూస్ పేపర్ మింద వరసగా పెట్టింది. పైన ఇంకో పేపరు కప్పింది. ఏడవలే. చెయ్యి తుడుచుకోని నా పక్కన కూర్చోని, "ఫొటో చూపీ" అనింది.

కెమెరా వెనక ఉండే చిన్న తెర మింద చూపించినాను. ఆయమ్మ ఎడమకన్ను మూయలే. రెండు కళ్ళతో చూసింది.

"బాగుండాది" అనింది.

నేను ఇన్నేండ్లు వినాలనుకున్న మాట గదా, విన్నందుకు సంతోషం రాలే.

ఆ ఫొటోనే పంపించింది.

ఫలితాలొచ్చింది వానలప్పుడు. భోజనాల టైములో గొడుగు గూడా లేకుండా స్టూడియోలోకి వచ్చింది. ఫోను నా ముందర పెట్టింది. పేర్ల వరసలో ఈసారి కిందికి జరుపుకోనే పనే లేదు. పైనే ఉండాది. మన పక్కనుంచి అంత పైకి ఎవురూ పోలేదంట. కింద జడ్జీలు నాలుగు మాటలు ఇంగ్లీషులో రాసిండారు. ఆయమ్మ చదివి తెలుగులో చెప్పింది.

"'పైకెగిరే చేపల గుంపు ఈ దృశ్యానికి ప్రాణం పోసింది' అని రాసిండారప్పా." ఫోను బోర్లించింది. "పోసిందంట. ప్రాణం పోసిందంట. పోయినాయి గదప్పా అయి?"

టీ తెప్పిస్తానన్నాను. వద్దని కోర్టుకు పోయింది.

ఆ ఎనకాల ఆయమ్మ చేసిన పని నాకు తరవాత తెలిసింది. పోటీ పెట్టినోళ్ళకు మెయిలు రాసింది. అలవాటైన చెయ్యి గదా, సాక్షి వాంగ్మూలం మాదిరి రాసింది: ఆ చేపలు ఎగరడం లేదు, ఊపిరాడక పైకొచ్చినాయి, ఊపిరాడకుండా చేసింది నేనే, అయి చచ్చిపోయినాయి, నా పేరు తీసెయ్యండి. వాళ్ళు మర్యాదగా జవాబిచ్చినారు. మీ నిజాయితీకి కృతజ్ఞతలు, మేము ఫొటోను మాత్రమే చూసి నిర్ణయిస్తాము, ఫలితం మారదు, ఇకమింద చేపల విషయంలో జాగ్రత్త తీసుకోండి అని.

"కేసు కొట్టేసినారప్పా" అనింది నాతో.

పేపర్లో పడినాక ఊరంతా తెలిసిపోయింది. కోర్టు వీధిలో నన్ను గూడా జనం పలకరించినారు. నాకూ గర్వం లేకపోలే, ఆ ఫొటో నా చెయ్యి గదా. గోడంత పెద్దది చేయించి స్టూడియో ముందర అద్దంలో పెట్టినాను. ఒక సాయంత్రం ఆయమ్మ కోర్టు నుంచి పోతా పోతా దాని ముందర నిలబడిపోయింది. లోపలికి వచ్చింది.

"తీసెయ్యప్పా దాన్ని."

"అక్కా, నా జన్మలో ఇంత మంచి ఫొటో నేను తియ్యలే."

"నేనూ అంత మంచి తోట పెంచలే. అందుకే చెప్తా ఉండా. తీసెయ్యి."

తీసేసినాను. దేవుడి పటం పెట్టినాను ఆడ.

సన్మానం మాత్రం తప్పలే. కోర్టు ఉద్యోగులూ వకీళ్ళూ కలిసి మధ్యాహ్నం వకీళ్ళ హాల్లో పెట్టినారు. ఫొటోలు తియ్యమని నన్ను పిలిచినారు. గోడ మింద ఆ ఫొటోనే తెర కట్టి చూపిస్తా ఉండారు. ఆయమ్మ దానికి వీపు చేసి కూర్చుంది. ఒకరి ఎనకాల ఒకరు మాట్లాడినారు. ఇన్నేండ్లు మన మధ్య గమ్మున టైపు కొట్టుకుంటా ఉండే మనిషిలో ఇంత కళ ఉండాదని ఎవురనుకున్నారు అన్నారు. ఆమైన ఆయమ్మను మాట్లాడమన్నారు.

ఆయమ్మ లేసింది. మైకు చేతికి తీసుకోలే, స్టాండులో ఉండినట్టే దాని ముందర నిలబడింది. బోనులో నిలబడినట్టే ఉండింది నాకు.

"ఈ ఫొటోలో చేపలు ఎగరతా లేవు" అనింది. "సస్తా ఉండాయి. నేను గ్యాసు ఎక్కువ వదిల్తే ఊపిరి కోసరం పైకొచ్చినాయి. పైకొస్తాయని నాకు తెల్సు. తెలిసే వదిలినాను. ఒక్క ఫొటో కోసరం. ఇది నేను ఎవురి బలవంతం లేకుండా చెప్తా ఉండా."

ముందు వరసలో ఒక పెద్ద వకీలు లేసి చప్పట్లు మొదలుపెట్టినాడు. "చూసినారా! చేపల కోసం గూడా బాధపడే మనసు! ఈ మనసు లేకపోతే ఇట్లాంటి కళ యాడ్నుంచి వస్తాది?" అన్నాడు. అందరూ లేసి నిలబడి చప్పట్లు కొట్టినారు. ఒకామె కళ్ళు తుడుచుకుంది. శాలువా కప్పినారు. ఆయమ్మ మాట్లాడేటప్పుడు తియ్యడమే మరిచిపోయినాను; శాలువా కప్పతా ఉండేటప్పుడన్నా ఆయమ్మ మొగం నా కెమెరాలో పడాల్సింది, సరిగ్గా అప్పుడే వకీలు చెయ్యి అడ్డమొచ్చింది.

బయట ఎండలో ఇద్దరం నడిచి పోతా ఉండినాము. శాలువా మడిచి సంచిలో పెట్టుకుంది. గేటు దాటినాక అనింది.

"కోర్టులో ఒప్పుకుంటే శిక్ష తగ్గిస్తారు. ఈడ ఒప్పుకుంటే చప్పట్లు కొడతా ఉండారు. యాడికి పొయ్యి చెప్పుకోవాలప్పా నేను?"

"చేపలే గదక్కా" అన్నాను, ఓదార్చాలని. "జనం కూర వండుకోని తింటా ఉండారు."

"ఆకలికి తింటారు. నేను ఆకలికి చంపలే" అనింది.

ఇంక మానేస్తాదేమో అనుకున్నాను. మానలే. మర్సటేడు మే నెల్లో ఫోను చేసింది. "ఆదివారం రాప్పా." గొంతు ఎప్పటి మాదిరే ఉండింది. సంతోషపడినాను గూడా. ఆమైన స్కూటరు మింద లైట్లు కట్టుకుంటా ఉంటే ఎందుకో నా చేతులు నిదానించినాయి.

గదిలో దుప్పట్లు కట్టేసి ఉండినాయి. కొత్త తోట. ఈసారి కొండ లేదు. ఒకటే పెద్ద వేరు, ఎండిపోయి ఒరిగిపోయిన చెట్టు మాదిరి, కింద అడివంతా పచ్చగా. దాని పైన ఏం లేదు. పోయినేటి కంటే పెద్ద ఆకాశం. తొట్టిలో సగం పైగా ఆకాశమే. పచ్చికలో ఎర్ర గీత చేపలు, కొత్తవి.

"అక్కా, అయి పైకి రాకపోతే?" అన్నాను.

"రాకపోతే రాలే. ఉన్నది ఉన్నట్టు తియ్యి" అనింది.

లైట్లు పెట్టినాను. చేపలు వేరు కిందికి దూరినాయి. కాచుకున్నాము. తమ్ముడి పెండ్లాం చిత్రాన్నం తెచ్చి పెడితే తొట్టి ముందరే కూర్చోని తిన్నాము. ఆయమ్మ నాలుగు మెతుకులు తిని పక్కన పెట్టింది. ఉత్త ఆకాశంతోనే రెండు ఫొటోలు తీసి చూపించినాను. ఎడమకన్ను మూసి చూసి, "నిలబడలే" అనింది. ఇంకా కాచుకున్నాము. ఆయమ్మ వేళ్ళు మోకాలి మింద టైపు కొడతానే ఉండినాయి. నేను ఆ వేళ్ళనే చూస్తా ఉండినాను.

లేసింది. బండ తావకు పోయింది. నా పక్క చూడకుండా "రవంతే" అనింది.

మర తిప్పింది. మోటరు ఆపింది.

నేను వద్దనాల్సింది. అనలే. కెమెరాకు కన్ను పెట్టినాను. అలవాటో, ఏమో. ఒక చేప వేరు కిందనుంచి వచ్చింది. ఇంకోటి. ఆమైన అన్నీ. ఎండిన చెట్టు చుట్టూ తిరిగి, ఒకదాని ఎనకాల ఒకటి, ఆ పెద్ద ఆకాశంలోకి ఎక్కతా ఉండాయి. పోయినేడు గుంపు. ఈసారి వరస, చెట్టు కొసనుంచి మూల దాకా, వంగిన గీత మాదిరి. నా వేలు మీట మింద ఉండాది. ఆయమ్మ "తియ్యి" అనాల. అనందే నేను ఎప్పుడూ నొక్కలే.

ఆయమ్మ అనలే. ఊపిరి గట్టిగా తీసుకునేది నాకు వినపడతా ఉండాది. ఆయమ్మదా, నాదా అనిగూడా తెలీలే.

"నీళ్ళు!" అని అరిచింది. "నీళ్ళు తే! బకెట్లు!"

మర కట్టేసి, మోటరేసి, రెండు చేతులూ భుజాల దాకా తొట్టిలో పెట్టి నీళ్ళను చిలికినట్టు కలిపేసింది. నేను వంటగదిలోనుంచి బకెట్లు మోసినాను. పైనుంచి ఎత్తి పోస్తా ఉంటే గాలి కలవాలని ఇంకా ఎత్తునుంచి పొయ్యమంటాది. ఇసక లేసిపోయింది. పచ్చిక దుప్పటి చుట్టుకోని తేలింది. ఆ వేరు ఒక పక్కకు ఒరిగి, కదిలి, పైకొచ్చి తేలి గాజుకు కొట్టుకుంది. గదంతా నీళ్ళు, నా లైటు ఒకటి ఫట్టున పోయింది. బురద నీళ్ళల్లో చేపలు అగపడేదే లేదు.

నీళ్ళు తేరుకున్నాక చూసినాము. ఒకటీ చావలే. మూలలో గుంపుగా నిలబడుకోని మొప్పలాడిస్తా ఉండినాయి.

ఆయమ్మ తడిసిన నేల మిందనే కూర్చుండిపోయింది. నేనూ గోడకు ఆనుకోని కూర్చున్నాను.

"బతికినాయక్కా" అన్నాను.

"బతికినాయి." కొంగు పిండుకుంటా మళ్ళీ అనింది. "సూసినావా నువ్వు? ఆ చెట్టు కొసనుంచి ఎక్కినాయి గదా?"

"చూసినాను."

"ఎట్లుండింది?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలే. "పోయినేటి కంటే బాగుండింది" అన్నాను.

అప్పుడు ఏడ్చింది. చచ్చిన చేపలకు ఏడవని మనిషి, బతికిన చేపల ముందర కూర్చోని, పోయిన ఫొటోకు ఎక్కెక్కి ఏడ్చింది. కింద్నుంచి తమ్ముడి పెండ్లాం "ఏమైంది వదినా?" అని పిలస్తా ఉంటే కొంగు నోట్లో కుక్కుకుంది.

ఏడుపు ఆగినాక మొగం తుడుచుకోని లేసింది. నేను లైట్లు సర్దుకుంటా, "వచ్చేడు సూద్దాంలే అక్కా" అన్నాను.

"వచ్చేడు నా చెయ్యి ఆ మర తిప్పదని నేను చెప్పలేనప్పా" అనింది. వంగి బండ గొట్టం ఊడబెరికింది. "దీన్ని తీసుకోని పో."

"ఇది లేకపోతే మొక్కలు..."

"తెల్సు. పొట్టి పచ్చిక పండిపోతాది. ఈ మాదిరి తోట ఇంక రాదు. తీసుకోని పో. ఇప్పుడే, నేను చూస్తా ఉండంగానే."

లైట్లు ఆయమ్మ ఇంట్లోనే వదిలేసి, బండను భుజాన ఎత్తుకోని మిద్దె దిగినాను. స్కూటరు ముందర కాళ్ళ మధ్యలో పెట్టుకోని, కదలకుండా తాడేసి కట్టినాను. స్టార్టు చేసి పైకి చూసినాను. ఆయమ్మ మెట్ల మింద నిలబడుకోనుండాది. నల్లచీర ఒంటికి అతుక్కోని, చేతుల్లోనుంచి ఇంకా నీళ్ళు కారతా ఉండాయి. నన్ను చూడలే. బండనే చూస్తా ఉండాది.

సందు మలుపు తావ స్కూటరు అద్దంలో అగపడింది. ఆయమ్మ చెయ్యి ఎత్తి, ఒక మెట్టు దిగింది.

నేను ఆపలే.